ఇద్వల్ కొట్లో నంబర్ వన్

కూమ్‌బెర్లన్ అనే వెల్ష్ గనుల ఊళ్ళో ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. మొదటిది చాపెల్లో పాస్టరు పెట్టేది. రెండోది ఊరు పెట్టేది, అడక్కుండా, ఒక్కసారే. రొట్టెల బండి నడిపే గ్విన్ రొట్టెల గ్విన్. ప్రతి మాటా రెండేసిసార్లు అనే క్లబ్బు సెక్రటరీ, రెండుసార్ల ఎమ్లిన్. లోయంతా డేవిసులూ జోన్సులే అయినచోట ఇలా పిలుచుకోకపోతే ఉత్తరం కూడా సరైన గడప ఎక్కదు. నెరిస్ వాళ్ళ నాన్న రికార్డుల ఇద్వల్, కాబట్టి ఆమె పుట్టిన నాటినుంచీ రికార్డుల నెరిస్.

ఆమెకు పెళ్ళయి ఆరు వారాలైంది. ఒకే కప్పులో రెండు టూత్‌బ్రష్‌లు ఆనుకుని నిలబడి ఉంటే చూసి పొద్దున్నే నవ్వుకునేది. తలుపు వెనక తడి కోటు పక్కన తడి కోటు వేలాడుతుంటే అదో సంబరం. మొగుడు హెవిన్‌కి మాత్రం ఊరింకా రెండో పేరు పెట్టలేదు. అతను లాంప్ రూమ్ అనే రాక్ బ్యాండులో పాటలు రాసి పాడేవాడు. గని మూతబడ్డాక దీపాల గది ఖాళీగా ఉంటే, నలుగురు కుర్రాళ్ళు అందులో డ్రమ్ములు పెట్టుకుని మొదలెట్టిన బ్యాండు అది.

“తొందరేముంది? పాట నలభైలోకి రానీ, అప్పుడు పెడదాం పేరు, అప్పుడు పెడదాం,” అనేవాడు ఎమ్లిన్.

నలభై అంటే మాటలా! వారం వారం దేశమంతటా అమ్ముడైన పాటల్లో మొదటి నలభై మాత్రమే ఆదివారం సాయంత్రం రేడియోలో వేస్తారు. లాంప్ రూమ్ మొదటి పాట డెబ్భై నాలుగు దగ్గర ఆగింది, రెండోది యాభై రెండు దగ్గర. మూడోది ‘తడి బూట్లు’. గనినుంచి వచ్చిన తండ్రి బూట్లు పొయ్యి దగ్గర ఆరడం గురించి హెవిన్ రాసింది. అది నలభైలోకి వస్తే ఆల్బం విడుదల చేస్తామంది లండన్ కంపెనీ. రాకపోతే బ్యాండుకూ కంపెనీకీ రుణం తీరినట్టే, పాటల టేపులు మాత్రం కంపెనీ బీరువాలోనే ఉంటాయి.

ఆ పదకొండు పాటలూ మన్మత్ పట్నం అవతల ఒక పొలంలో, గడ్డివాములుండే పాత కొట్టంలో రికార్డు చేశారు. నెరిస్ అక్కడ నాలుగు రోజులుంది. నాలుగో పాటలో గొర్రె అరుపొకటి పడింది, తీసెయ్యబుద్ధి కాక ఉంచేశారు. ‘తడి బూట్లు’ మూడో చరణంలో చప్పట్లున్నాయి. అందులో ఒక జత చేతులు నెరిస్‌వి. ఆమె ఎప్పుడూ తాళానికి కాస్త ముందే కొట్టేది. “పోనీ, అదే బాగుంది,” అన్నాడు హెవిన్ గాజు అవతలినుంచి. ఆ కొట్టంలోనే, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, పెళ్ళెప్పుడు చేసుకుందామని అడిగాడు.

అక్టోబరులో ఒక సోమవారం పాట కొట్లలోకి వచ్చింది. కుర్రాళ్ళు అప్పటికే వ్యానెక్కి ఉత్తరాన ఊరికొక కొట్లో పాడుతూ తిరుగుతున్నారు. పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో ఫోను మోగింది. కంపెనీనుంచి ఫిలిపా.

“నెరిస్, డార్లింగ్, నేను చెప్పానని ఎక్కడా అనకు. మీ ఊరివాళ్ళు పాట ఎక్కడ కొంటారు?”

“మా నాన్న దగ్గర. ఇంకెక్కడ?”

“చచ్చాం. మీ నాన్న కొట్లో కంప్యూటరుందా?”

“బిస్కట్ డబ్బా ఉంది. చిల్లర అందులోనే వేస్తారు.”

ఫిలిపా నవ్వలేదు. “లెక్కలో ఉన్న కొట్లలో మిషనుంటుంది. అమ్మిన ప్రతి కాపీ ఆ రోజే లండన్‌లో తెలుస్తుంది. మీ నాన్న వెయ్యి అమ్మినా మాకు సున్నాయే. కార్డిఫ్‌లో పెద్ద కొట్టు లెక్కలో ఉంది. మీవాళ్ళని అక్కడికి పంపు. ఎక్కువక్కర్లేదు, కొద్దిమంది చాలు. అంచు మీదున్నాం.”

నెరిస్ కోటు తగిలించుకుని నాన్న కొట్టుకి పరుగెత్తింది. చెప్పెయ్యాలనే వెళ్ళింది.

ఇద్వల్ చాపెల్‌కి వేసుకునే నల్ల సూటు వేసుకుని గల్లా వెనక నిలబడ్డాడు. సోమవారం పూట! వరస కసాయి కొట్టు దాకా పాకింది. ఆయన ప్రతి కాపీ మీదా, కుడివైపు పై మూలన, చిన్న ఆకుపచ్చ చీటీ అంటిస్తున్నాడు. చీటీ మీద సిరాతో తన పేరు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టు దాటిన ప్రతి రికార్డు మీదా ఆ చీటీ ఉంది.

“చూశావుటే అమ్మాయ్? ఎమ్లిన్ మూడు కొన్నాడు. వాడింట్లో వినడానికి మిషనే లేదు!”

“నాన్నా, ఒక్క మాట...”

“ఉండు, ఉండు. మొట్టమొదటి కాపీ నీకే దాచాను.” గల్లా కిందనుంచి తీశాడు. చీటీ మీద ఆరోజు తేదీ కూడా వేసి ఉంది. “మీ అమ్మ ఉంటే చూసేది,” అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ.

నెరిస్ కాపీ అందుకుంది. గనివాళ్ళు సమ్మె చేసిన ఏడాది ఆ కొట్లో సగం అరలు ఖాళీ చేసి ఇద్వల్ బంగాళాదుంపల బస్తాలు, డబ్బాల పాలు పెట్టించాడు. ఊరు ఆ తిండే తిన్నది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ పాటను వేరేచోట కొనలేదు. మెయిర్ అనే ఆవిడ ఒక్కసారి, మనవడి పుట్టినరోజుకి, కార్డిఫ్‌లో క్యాసెట్టు కొంది. ఆనాటినుంచి ఆవిడ కార్డిఫ్ మెయిర్. శవపేటిక మోసినవాళ్ళు కూడా, “పాపం, కార్డిఫ్ మెయిర్ మంచిదే,” అన్నారు.

నెరిస్ కాపీ చంకన పెట్టుకుని, నాన్న చెంప మీద ముద్దు పెట్టి బయటపడింది.

బుధవారం చాపెల్ ఆడవాళ్ళ పాటల బృందం ఏటా వెళ్ళే కార్డిఫ్ ప్రయాణం. బస్సులో నలభైమంది. వంతెన దాటి ఊరు కనుమరుగయ్యాక నెరిస్ లేచి సీటు సీటుకీ వెళ్ళి గుసగుసగా చెప్పింది. ముందు సీట్లో బెటి ఆంటీ కూర్చుంది. పక్కింటావిడే. నెరిస్‌కి తల్లి పోయాక జడలేసిన మనిషి.

“మీ నాన్నకి తెలుసా?” అంది బెటి ఆంటీ.

“తెలీదు. తెలియకూడదు కూడా.”

“అంటే దొంగచాటుగా కొనాలన్నమాట. యాభై తొమ్మిదేళ్ళొచ్చాక!”

“హెవిన్ కోసం, ఆంటీ. ఒక్కటి. ఒక్కొక్కరూ ఒక్కటి కొంటే చాలు.”

“వాడికి ముక్కు తుడిచిన చేతులే ఇవి. కొనకుండా ఉంటానా? సమ్మెలో గీత దాటి పనిలోకి పోయినట్టుంటుందిగానీ... సరే, కొంటాలే.”

వెనకనుంచి ఎవరో, “పేరు పెడితే మాత్రం నీకే పెట్టాలి నెరిస్, కార్డిఫ్ నెరిస్ అని!” అన్నారు. బస్సు బస్సంతా పకపకలాడింది. నెరిస్ కూడా నవ్వింది. అందరూ ఒప్పుకున్నారు.

కార్డిఫ్ కొట్టు మూడంతస్తులు. నెరిస్ ఒక్కతే వెళ్ళింది, గుంపుగా వెళితే బాగోదని. ‘తడి బూట్లు’ నడుమెత్తు అరలో, అటూ ఇటూ ఎవరెవరో తెలియని మొహాలున్న అట్టల మధ్య ఉంది. చేతిలోకి తీసుకుంది. కుడివైపు పై మూల ఖాళీగా ఉంది. ఆ ఖాళీ మీద బొటనవేలు పెట్టుకుని గల్లా దాకా నడిచింది. ముందు ఇద్దరున్నారు. వెనక్కి తిరిగింది. మిగతా ముప్ఫైతొమ్మిదిమంది కొంటున్నారు కదా, నాన్న కూతురు కూడా కొనాలా? కాపీని దాని చోట్లో నిలబెట్టి, అరలో ఎదురుగా కనబడేలా సర్ది, బయటికొచ్చేసింది.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు అందరి చేతుల్లోనూ సంచులు. “కొన్నావా ఆంటీ?” “కొన్నానే తల్లీ.” “నువ్వు?” “కొన్నా, కొన్నా.” ఎవరో క్రీము కేకుల పెట్టె విప్పారు. వంతెన దాటేసరికి బస్సంతా రెండు గొంతుల్లో, మూడు గొంతుల్లో ‘తడి బూట్లు’ పాడుతోంది. నెరిస్ తాళానికి కాస్త ముందే చప్పట్లు కొట్టింది.

శనివారం సాయంత్రం ఏడింటికి, కార్డిఫ్‌లో కొట్లు మూసేసి వారం లెక్క ముగిశాక, నెరిస్ బెటి ఆంటీ ఇంటికి గుడ్లు అడగడానికి వెళ్ళింది. మేజా మీద రెండు ‘తడి బూట్లు’ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి మీదా, కుడివైపు పై మూలన, ఆకుపచ్చ చీటీలు.

బెటి ఆంటీ గుడ్లు పట్టుకుని వచ్చి, నెరిస్ చూపు ఎటుందో చూసి, కుర్చీలో కూలబడింది.

“చేతిలోకి తీసుకున్నానే. ఒట్టు. గల్లా దగ్గరికి కూడా వెళ్ళాను. ఆ బంగాళాదుంపల బస్తాలు కళ్ళముందుకొచ్చాయి. మిగతావాళ్ళు కొంటారులే అనుకున్నా. తప్పు చేసినట్టనిపించి, మర్నాడే మీ నాన్న దగ్గర ఇంకోటి కొన్నా.”

“మిగతావాళ్ళు?”

“గురువారం మీ నాన్న కొట్టు దగ్గర అందరం వరసలో కలిశాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “నువ్వు కొన్నావుగా? నీదొకటైనా లెక్కలోకొస్తుంది.”

నెరిస్ గుడ్లు తీసుకుని ఇంటికొచ్చేసింది.

ఆదివారం పదకొండింటికి వ్యాను దిగాడు హెవిన్. వారంరోజుల గడ్డం, పెట్రోలు వాసన. వస్తూనే ఆమెను ఎత్తి గిరగిరా తిప్పి, పైకి వెళ్ళి స్నానాల తొట్టెలో పడ్డాడు. ఒంటిగంటకి ఫోను మోగింది.

“నలభై ఒకటి,” అంది ఫిలిపా. “నలభైకీ మనకీ ఇరవైమూడు కాపీల తేడా. దేశం మొత్తం మీద, ఇరవైమూడు! ఒక మినీబస్సు నిండా జనం చాలుండేవాళ్ళు. పైవాళ్ళు ఇందాకే ఆల్బం ఒప్పందం చించేశారు. నన్ను క్షమించు. అతనికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నేను చెప్తాను.”

ఫోను పెట్టేసి మెట్ల కింద నిలబడింది. హెవిన్ దిగొస్తున్నాడు. పెళ్ళినాటి తెల్ల చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకుంటూ, మూడో చరణం ఈల వేసుకుంటూ, ఆమె చప్పట్లు పడేచోట మెట్టు మీద కాలితో కొట్టాడు.

“ఎవరు ఫోను?”

“నాన్న,” అంది నెరిస్. “శాండ్‌విచ్‌లు తెమ్మంటున్నాడు.”

నాలుగింటికల్లా కార్మికుల క్లబ్బు ఇసకేస్తే రాలకుండా నిండింది. బల్లలమీద హాం శాండ్‌విచ్‌లు, ఊరవేసిన ఉల్లిపాయలు, పెనం మీద కాల్చిన వెల్ష్ కేకులు. వేదిక మీద రేడియో, దాని ముందు మైకు. ఎమ్లిన్ మెడలో ఎర్ర టై. బ్యాండు నలుగురినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇద్వల్ అల్లుడి పక్కన, నల్ల సూటులో. రెండోపక్క నెరిస్.

నలభయ్యో పాట మొదలైంది. ఎవరో అమ్మాయి పాట. హాలు ఊపిరి బిగబట్టి, వదిలేసింది.

“నలభై మనం కాదు! అంతకంటే పైనున్నాం, పైనున్నాం!” అని అరిచాడు ఎమ్లిన్. చప్పట్లు.

ముప్ఫైతొమ్మిది వాళ్ళు కాదు. ముప్ఫైఎనిమిది కాదు. కాని ప్రతి అంకెకీ అరుపులు ఇంకాస్త పెరిగాయి. కిందనుంచి పైకి లెక్కపెడుతున్న రేడియో ‘మీరు కాదు’ అన్నప్పుడల్లా, ఊరు ‘ఇంకా పైకి’ అనుకుంది. ముప్ఫై దాటేసరికి కుర్రాళ్ళు కుర్చీలెక్కారు. హెవిన్ నెరిస్ చెయ్యి పట్టుకున్నాడు.

“ముప్ఫైలోపలట నెరిస్! కలలోనైనా అనుకున్నామా?”

ఇప్పుడు చెప్పు, అనుకుంది. చెవిలో చెప్పు. కాని ఏమని చెప్పాలి? ఎప్పుడు తెలిసిందంటే? ఎందుకు పోయిందంటే? పక్కన నాన్న కూర్చుని ఉన్నాడు. వెనక వరసల్లో, బెటి ఆంటీతో సహా ముప్ఫైతొమ్మిదిమంది ఆడవాళ్ళలో ఒక్కరూ కేకు ముట్టుకోలేదు. వాళ్ళకున్నది అనుమానమే, ఆమెకైతే తెలుసు.

ఇరవై. పదిహేను. పది. ఇద్వల్ లేచి నిలబడి, “మొదటి పదిలో ఉన్నార్రా!” అని గొంతు బొంగురుపోయేలా అరిచాడు. అయిదు తర్వాత అరుపులు ఆగిపోయాయి. హాలు నిశ్శబ్దమైపోయింది, నమ్మకంతోనో భయంతోనో ఎవరికీ తెలీదు. హెవిన్ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుంది నెరిస్. చెవి దగ్గర పెడితే, “ముందుగా మా మామగారికి, తర్వాత కూమ్‌బెర్లన్‌కి...” అని వినబడింది. వేదిక మీద మాట్లాడబోయేది గొణుక్కుంటున్నాడు.

నంబర్ వన్ లండన్ వాళ్ళది. రేడియోలో పాట అయిపోయింది, వార్తలు మొదలయ్యాయి. ఎవరూ కట్టెయ్యలేదు. ఎక్కడో దూరదేశంలో ఏదో వరద గురించి చెబుతున్నారు, మూడొందలమంది కూర్చుని విన్నారు.

“చదవడం మర్చిపోయుంటారు,” అన్నాడు ఎమ్లిన్, ఒక్కసారే.

హెవిన్ లేచి బారు పక్కన గోడ ఫోను దగ్గరికి వెళ్ళాడు. అంకెలు తిప్పాడు. ఇటు వీపు పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు. తిరిగొచ్చి వేదిక ఎక్కలేదు, కిందనే నిలబడి, “నలభై ఒకటి,” అన్నాడు. తర్వాత నెరిస్ వైపు చూశాడు. ఆ చూపు అంతకుముందు లేదు, ఆ తర్వాత పోనూ లేదు.

ఇంటికి నడిచేటప్పుడు సన్నగా వాన.

“ఒంటిగంటకే నీకు చెప్పిందట ఫిలిపా.”

“చెప్పింది.”

“ఎందుకు దాచావు?”

“ఈలేసుకుంటూ దిగావు మెట్లు. నోరు రాలేదు.”

“చొక్కా మార్చుకుని కూర్చున్నాన్నేను. మూడుగంటలు. ఊరందరి ముందూ. చివర్లో నంబర్ వన్ మనదే అనుకున్నాను, తెలుసా? నిజంగా అనుకున్నాను. నలభై ఒకటైతే ఓర్చుకునేవాణ్ణి. పిచ్చివాణ్ణి చేశావు.”

నెరిస్ కోటు కాలరు పైకి లాక్కుంది.

“అందరిలోకీ మీ నాన్న ఒక్కడే మనిషి,” అన్నాడు హెవిన్. “ఆరువందల పన్నెండు కాపీలమ్మాడట. ఆయన లేకపోతే నూటనలభైలో ఉండేవాళ్ళం.”

ఆమె నోరు తెరిచింది. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం మీ మామగారి కొట్టుతో మొదలై, నలభైమంది సంచులమీదుగా వెళ్ళి, నడుమెత్తు అరలో తను తిరిగి నిలబెట్టిన కాపీ దగ్గర ఆగుతుంది. నోరు మూసుకుంది. ఇంటికెళ్ళి రెండు తడి కోట్లూ పక్కపక్కన తగిలించింది. హెవిన్ తనది తీసి వంటింటి కుర్చీ మీద వేశాడు.

నెల తిరక్కుండానే కంపెనీనుంచి రెండు పేరాల ఉత్తరం వచ్చింది. పదకొండు పాటలూ, గొర్రె అరుపుతో సహా, లండన్ బీరువాలోనే ఉండిపోయాయి. డ్రమ్ములు కొట్టేవాడు బ్రిస్టల్ వెళ్ళాడు. హెవిన్ రొట్టెల గ్విన్ బండి మీద చేరాడు. మొదటిరోజు క్లబ్బు ముందు ట్రేలు దింపుతుంటే ఎమ్లిన్ గుమ్మంలో నిలబడి, ప్రేమగానే, “రారా, నలభై ఒకటి హెవిన్! నలభై ఒకటి హెవిన్!” అన్నాడు. ఊరు పేరు పెట్టేసింది. ఊరి పద్ధతిలో అది పెళ్ళానికి కూడా వస్తుంది.

ఇద్వల్ కొట్టు అద్దానికి లోపలివైపు ఒక అట్ట అంటించాడు. “లాంప్ రూమ్. తడి బూట్లు. ఇద్వల్ కొట్లో నంబర్ వన్.” ఆకుపచ్చ సిరా. శనివారాలు నెరిస్ కొట్టులో సాయానికి వెళ్ళేది. వసంతం వచ్చేసరికి ఎండకి సిరా వెలిసి, అట్ట ఒక మూల ఊడింది.

“చూడవే నలభై ఒకటి నెరిస్,” అన్నాడు ఇద్వల్. ఆయనా అలాగే పిలుస్తున్నాడు, ముద్దుగా. “బయటివాళ్ళెవరూ కొనలేదన్నమాట. మనూరు మాత్రం మాట నిలబెట్టుకుంది. ఒక్కడంటే ఒక్కడు కార్డిఫ్ వెళ్ళి కొనలేదట!”

“అవును నాన్నా, ఒక్కరూ కొనలేదు,” అంది నెరిస్. టేపు ముక్క తెంపి, ఊడిన మూలను బొటనవేలితో నొక్కి మళ్ళీ అంటించింది.